సైకిల్ హబ్ గేర్లకు ఆయిల్ మార్చడం: విశాఖలో తరచుగా అడిగే ప్రశ్నలు

వెనక చక్రం నడుమ లావుపాటి డబ్బాలా ఉండే హబ్‌లోనే గేర్లన్నీ దాగి ఉన్న సైకిళ్ళ గురించి ఈ పేజీ. చైన్‌కి వేసే నూనె సంగతి ఇక్కడ లేదు. హబ్ లోపల పళ్ళచక్రాలు తిరిగే చోటికి వెళ్ళే ఆయిల్‌ని ఇంట్లో, బాల్కనీలోనో వాకిట్లోనో, ఎలా మార్చుకోవాలో, ఎక్కడ తేడా వస్తుందో రాశాం.

నా సైకిల్‌కి ఉన్నది హబ్ గేరేనా? ఎలా తెలుస్తుంది?

వెనక చక్రానికి పళ్ళచక్రం ఒక్కటే ఉండి, హ్యాండిల్ మీద మాత్రం మూడో, ఏడో, ఎనిమిదో, పదకొండో గేర్లు చూపిస్తుంటే అది హబ్ గేరే. ఇంకో గుర్తు: సిగ్నల్ దగ్గర ఆగి నిలబడి, పెడల్ కదపకుండానే గేరు మార్చగలరు. మోడల్ పేరు, నంబరు హబ్ ఒంటి మీదే చెక్కి ఉంటాయి. బురద తుడిచి, టార్చి వేసి చదివి రాసుకోండి. తర్వాతి ప్రశ్నకు జవాబంతా ఆ నంబరు మీదే ఆధారపడి ఉంది.

హబ్ గేరున్న ప్రతి సైకిల్‌కీ ఆయిల్ మార్చాలా?

లేదు. ఎక్కువమంది పొరపాటు పడేది ఇక్కడే. సిరంజి కొనే ముందే ఇది తేల్చుకోవాలి. ఈ హబ్‌లు మూడు రకాలు.

మొదటిది ఆయిల్‌లో తడుస్తూ తిరిగేది. షిమానో ఆల్ఫైన్ 11, రోలోఫ్ స్పీడ్‌హబ్ 14 ఈ రకం. హబ్ ఒంటి మీద చిన్న స్క్రూ ఉంటుంది. దాన్ని విప్పి పాత ఆయిల్ లాగేసి కొత్తది ఎక్కించాలి. చక్రం ఊడదీయనక్కర్లేదు.

రెండోది గ్రీజుతో తిరిగేదే, కానీ లోపలి భాగాన్ని అప్పుడప్పుడు బయటికి తీసి ఆయిల్‌లో ముంచాలి. షిమానో నెక్సస్ 8, ఆల్ఫైన్ 8 ఈ రకం. వీటికి ఆయిల్ పోసే రంధ్రమే ఉండదు, కాబట్టి సిరంజితో పనిలేదు.

మూడోది పాతకాలపు స్టర్మీ-ఆర్చర్ మూడు గేర్ల హబ్. నడుము మీద చిన్న మూత ఉంటుంది, దాన్ని తెరిచి చుక్కలు వేస్తారు. అదే కంపెనీ ఇప్పుడు చేసే హబ్‌లకు ఆ మూత లేదు, అవి గ్రీజు మీదే నడుస్తాయి.

ఒక హెచ్చరిక. నెక్సస్ హబ్‌తో రోలర్ బ్రేకు ఉన్న సైకిళ్ళలో, ఎడమ పక్క బ్రేకు డబ్బా మీద రబ్బరు బిరడాతో ఒక రంధ్రం కనిపిస్తుంది. అది హబ్ ఆయిల్ రంధ్రం కాదు. ఆ బ్రేకుకి వేరే గ్రీజు ఎక్కించడానికి పెట్టింది. అందులో ఆయిల్ పోస్తే బ్రేకు పట్టు పోతుంది. పెడల్ వెనక్కి తొక్కితే ఆగే రకం హబ్‌లోనూ ఆయిల్ పోయకూడదు. అందులో బ్రేకు హబ్ లోపలే ఉంటుంది, దానికి సరిపడే గ్రీజు వేరు.

లోపల ఆయిల్ చేసే పని ఏమిటి?

పళ్ళు అరగకుండా చూడటం సగం పనే. మిగతా సగం కొక్కేలది. గేరు మారిన ప్రతిసారీ లోపల గోరంత ఉక్కు కొక్కేలు లేచి పళ్ళలో పడాలి, లేదా ముడుచుకోవాలి. వాటిని లేపేవి వెంట్రుకంత సన్నటి స్ప్రింగులు. ఆయిల్ ఎండి జిగురైతే ఆ స్ప్రింగులకి కొక్కేన్ని లేపే బలం చాలదు. కొక్కెం సగమే లేచినప్పుడు మీరు బలంగా తొక్కితే టక్కుమని జారుతుంది, కాలు గాల్లోకి పోతుంది. కైలాసగిరి ఎక్కేటప్పుడు సీటు మీంచి లేచి తొక్కుతుండగా అలా జారితే మోకాలు హ్యాండిల్‌కి కొట్టుకుంటుంది. జారిన ప్రతిసారీ కొక్కెం అంచు కొంచెం గుండ్రబడుతుంది. ఆ అరుగుదల తర్వాత ఎంత మంచి ఆయిల్ పోసినా తిరిగి రాదు.

ఎన్నాళ్ళకోసారి మార్చాలి?

ఆల్ఫైన్ 11కి మొదటి మార్పు 1,000 కిలోమీటర్లకు. ఆ తర్వాత రెండేళ్ళకోసారి, లేదా 5,000 కిలోమీటర్లకోసారి, ఏది ముందొస్తే అప్పుడు. మొదటిది త్వరగా ఎందుకంటే కొత్త పళ్ళు ఒకదానికొకటి కుదురుకునేటప్పుడు రాలే సన్నటి లోహపు పొడి అంతా ఆ ఆయిల్‌లోనే ఉంటుంది. రోలోఫ్‌కి 5,000 కిలోమీటర్లకోసారి, తక్కువ తొక్కినా ఏడాదికోసారి తప్పదు. ఎనిమిది గేర్ల షిమానోకి రెండేళ్ళకోసారి ముంచడం, బాగా తొక్కేవాళ్ళయితే 5,000 కిలోమీటర్లకోసారి.

విశాఖలో కిలోమీటర్ల లెక్క కంటే నెలల లెక్కే ముఖ్యం. బీచ్ రోడ్డులో, రుషికొండలో, భీమిలి దాకా సముద్రపుటొడ్డున ఉండేవాళ్ళ సైకిల్ నిలబడి ఉన్నా ఉప్పుగాలి తింటూనే ఉంటుంది. పగలు ఎండకి హబ్ వేడెక్కి లోపలి గాలి వ్యాకోచిస్తుంది, రాత్రికి చల్లబడి బయటి చెమ్మగాలిని సీళ్ళ (ఇరుసు దగ్గర ఆయిల్ కారకుండా ఆపే రబ్బరు రింగుల) సందుల్లోంచి లోపలికి లాక్కుంటుంది. అందుకే తీరాన ఉండేవాళ్ళు ఆల్ఫైన్ 11కి కూడా ఏడాదికోసారి మార్చుకోవడం మంచిదని మా అభిప్రాయం. సరైన సమయం వానలు వెనకబట్టాక, డిసెంబరులో. జూన్ ముందు మారిస్తే ఆ కొత్త ఆయిలే నాలుగైదు నెలల తడి అంతా మోయాల్సి వస్తుంది.

ఏమేం సిద్ధం చేసుకోవాలి?

మీ హబ్‌కి చెప్పిన ఆయిల్. ఆల్ఫైన్ 11కి 50 మి.లీ. సీసా ఒకటి సరిపోతుంది. రోలోఫ్‌కి శుభ్రం చేసే ఆయిల్ 25 మి.లీ., నింపే ఆయిల్ 12.5 మి.లీ. కావాలి, రెండూ కలిపి కిట్‌గా వస్తాయి. ఊళ్ళో మామూలు సైకిల్ షాపుల్లో ఇవి దొరకడం కష్టం, ఆన్‌లైన్‌లో తెప్పించుకోవాల్సిందే.

3 మి.మీ. అలెన్ కీ. అంచులు అరిగింది వద్దు. ఆ స్క్రూ తల చిన్నది, ఒకసారి లోపలి మూలలు గుండ్రబడితే విప్పడం నరకం.

స్క్రూ స్థానంలో బిగించే సన్నటి నాజిల్, పైపు, సిరంజి. షిమానో వీటిని టీఎల్-ఎస్703 పేరుతో కలిపి అమ్ముతుంది. రోలోఫ్ కిట్‌తో దాని పైపు వస్తుంది. సిరంజి మాత్రం విడిగా కొనొచ్చు: కేజీహెచ్ ఆసుపత్రి ఎదుట మందుల షాపుల్లో 50 మి.లీ.ది, 20 మి.లీ.ది రెండూ దొరుకుతాయి. సూది అక్కర్లేదు. 12.5 మి.లీ. కొలవడానికి చిన్నదే నయం, దాని గీతలు దగ్గరదగ్గరగా ఉంటాయి. వాడే ముందు సిరంజి లోపల నీటి చుక్క లేకుండా ఆరబెట్టండి.

ఇవి కాక పాత బనియన్ గుడ్డలు, పాత టూత్‌బ్రష్, గాజు గ్లాసు (మళ్ళీ తాగడానికి వాడనిది), నేల మీద పరవడానికి అట్టముక్క, సీటు వేలాడదీయడానికి గట్టి తాడు.

ఆల్ఫైన్ 11కి ఆయిల్ మార్చే పద్ధతి వివరంగా చెబుతారా?

ముందు ఒక అరగంట తొక్కి రండి. గేర్లన్నీ వాడండి. అడుగున పేరుకున్న మడ్డి కదిలి ఆయిల్‌లో కలుస్తుంది, ఆయిల్ కాస్త వెచ్చబడి పలచనవుతుంది. చల్లగా ఉన్న హబ్‌లోంచి లాగితే మడ్డి అంతా లోపలే ఉండిపోతుంది.

ఇంటికి వచ్చి సీటు కింది గొట్టానికి తాడు కట్టి, బాల్కనీ గ్రిల్‌కో కిటికీ ఊచకో వేలాడదీయండి. వెనక చక్రం నేలకి బెత్తెడు ఎత్తులో ఆడాలి. సైకిల్‌ని తలకిందులుగా పెట్టొచ్చు గానీ పెడల్ తిప్పుతూ గేరు మార్చాల్సి వచ్చినప్పుడు హ్యాండిల్ నేలమీద ఉండి చేయి అందదు. ఏం చేసినా పక్కకి మాత్రం పడుకోబెట్టవద్దు, ఇరుసు దగ్గర సీళ్ళలోంచి ఆయిల్ కారుతుంది.

స్క్రూ చుట్టూ బ్రష్‌తో బాగా తోమి, గుడ్డతో తుడవండి. ఈ పని ఒక్క నిమిషమే, అయినా వదిలేసేది దీన్నే. స్క్రూ తీయగానే దాని చుట్టూ ఉన్న ఇసుక మొత్తం రంధ్రంలోకి జారుతుంది. మన బీచ్ ఇసుక రేణువు గట్టిది, గేరు పళ్ళ మధ్య పడితే ఆకురాయిలా రాస్తుంది.

చక్రం తిప్పి స్క్రూని నెత్తిమీదికి, అంటే గడియారంలో పన్నెండు ఉండే చోటికి తెచ్చి విప్పండి. దానికి చిన్న రబ్బరు రింగు ఉంటుంది. స్క్రూనీ రింగునీ ఆయిల్ సీసా మూతలో వేసి పక్కన పెట్టండి. నేలమీద పడ్డ రింగు కనిపించడం అదృష్టం. రంధ్రంలో నాజిల్‌ని చేత్తోనే తిప్పి బిగించండి, అడ్డంగా ఎక్కుతుంటే వెంటనే వెనక్కి తిప్పి మళ్ళీ మొదలుపెట్టండి. పైపూ, ముల్లు (సిరంజిలో వేలితో నొక్కే కడ్డీ) పూర్తిగా లోపలికి నొక్కిన ఖాళీ సిరంజీ తగిలించండి.

ఇప్పుడు పైపు పుల్లలకి చిక్కుకోకుండా చూసుకుంటూ చక్రాన్ని సగం చుట్టు తిప్పి, రంధ్రం ఆరు గంటల చోటికి రానివ్వండి. ఐదు నిమిషాలు ఆగండి. పళ్ళకి అంటుకున్నది కిందికి దిగాలి. తర్వాత సిరంజి ముల్లుని నెమ్మదిగా లాగండి. కొంత వచ్చాక ముల్లు బిగుసుకుని, వదిలితే వెనక్కి పోతుంది. హబ్‌లోకి గాలి పోయే దారి లేదు కాబట్టి లోపల పీడనం పడిపోయిందన్నమాట. బలవంతంగా లాగకండి. వదిలేస్తే సిరంజిలోని గాలి కొంత లోపలికి వెళ్తుంది, మళ్ళీ లాగండి. ఇలా మూడు నాలుగుసార్లు చేస్తే ఆయిల్ ఆగి బుడగలు వస్తాయి. చాలు.

రంధ్రాన్ని మళ్ళీ పైకి తెచ్చాకే సిరంజి ఊడదీయండి. కింద ఉండగా తీస్తే మిగిలినదంతా అట్టముక్క మీద, తర్వాత మీ చెప్పుల మీద. పాత ఆయిల్‌ని గాజు గ్లాసులోకి వదలండి. దానితో పని ఉంది.

కొత్త ఆయిల్ 25 మి.లీ. సిరంజిలోకి తీసుకుని, రంధ్రం పైన ఉండగానే ఎక్కించండి. ఒక్కసారిగా నొక్కొద్దు. ఐదేసి మిల్లీలీటర్లు నొక్కి బొటనవేలు వదలండి, లోపలి గాలి బుడగలుగా సిరంజిలోకి వచ్చి ముల్లుని కొంచెం పైకి తోస్తుంది. ఆ గాలిని రానిస్తేనే ఆయిల్‌కి చోటు దొరుకుతుంది. దాన్ని లెక్కచేయకుండా గట్టిగా నొక్కితే రెండు ఫలితాలు: ఇరుసు పక్కనుంచి ఆయిల్ ఉబికి వస్తుంది, లేదా పైపు తీయగానే మొహం మీదికి చిమ్ముతుంది.

ఈ మొదటి 25 మి.లీ. కడగడానికి. స్క్రూ పెట్టి, పెడల్‌ని చేత్తో తిప్పుతూ ఒకటి నుంచి పదకొండు దాకా, తిరిగి ఒకటి దాకా ఒక నిమిషం పాటు గేర్లు మార్చండి. మళ్ళీ ఐదు నిమిషాలు ఆగి లాగేయండి. మిగిలిన 25 మి.లీ. అసలు ఆయిల్, దాన్నీ అలాగే ఎక్కించండి.

స్క్రూ రింగు పగిలిందో చదునైపోయిందో చూసి, చేతివేళ్ళతో కూర్చునే దాకా తిప్పి, అలెన్ కీ పొట్టి వైపు పట్టుకుని కొద్దిగా బిగించండి. కారకుండా ఆపేది ఆ రింగే. మీ బలంతో పనిలేదు. హబ్ ఒళ్ళు అల్యూమినియం, మర పోతే కొత్త హబ్ పెంకు కొనాల్సిందే.

రోలోఫ్‌కి తేడా ఏమిటి?

పని ఒకటే, కొలతలూ సమయాలూ వేరు. శుభ్రం చేసే ఆయిల్ 25 మి.లీ. ఎక్కించి, మూడు నిమిషాలు పెడల్ తిప్పుతూ అన్ని గేర్లూ మార్చాలి. 3, 5 గేర్లలో ఎక్కువసేపు తిప్పండి, లోపల ఎక్కువ భాగాలు కదిలేది అప్పుడే. తర్వాత రంధ్రం కిందికి ఉంచి పావుగంట వదిలేసి లాగాలి. చివర 12.5 మి.లీ. నింపే ఆయిల్. ఒకప్పుడు ఇదీ 25 మి.లీ. అనే చెప్పేవారు, అందుకే పాత పుస్తకం చూసి రెట్టింపు పోసేవాళ్ళు ఇంకా ఉన్నారు. సగం చాలు.

స్క్రూ బిగించే బలం అర న్యూటన్ మీటరే, అంటే రెండు వేళ్ళ బలం. కిట్‌లో కొత్త స్క్రూ వచ్చి ఉంటే పాతది పక్కన పెట్టి దాన్నే వాడండి.

1 నుంచి 7 గేర్లలో గరగర శబ్దం, ముఖ్యంగా 7లో, ఈ హబ్ పుట్టుక లక్షణం. ఆయిల్ మార్చినా అది పోదు. 11లో హబ్ నేరుగా తిరుగుతుంది కాబట్టి నిశ్శబ్దంగా ఉంటుంది.

తీసిన ఆయిల్ చూసి ఏం తెలుసుకోవచ్చు?

హబ్ విప్పకుండా లోపల ఏం జరుగుతోందో చెప్పేది ఇదొక్కటే. అందుకే గాజు గ్లాసు అన్నాం. కిటికీ దగ్గర వెలుతురుకి ఎదురుగా పెట్టి, గంటసేపు కదపకుండా ఉంచండి.

నల్లగా లేదా ముదురు బూడిద రంగులో ఉండి, గ్లాసుని వంచితే వెండిరంగు పొడి మెరుస్తూ తేలితే అంతా సవ్యమే. మొదటి 1,000 కిలోమీటర్ల ఆయిల్ ఇలాగే ఉండాలి. వేళ్ళ మధ్య రాస్తే మెత్తగా ఉంటుంది.

మజ్జిగలా తెల్లబారి ఉంటే నీళ్ళు కలిశాయి. ఒకసారి మార్చి ఊరుకుంటే చాలదు. రెండుసార్లు కడిగి, కొత్తది పోసి, నెల తర్వాత మళ్ళీ తీసి చూడండి. అప్పుడూ తెల్లగానే ఉంటే సీలు పోయినట్టే.

అడుగున ఇటుకపొడి రంగు మడ్డి దిగితే అది తుప్పు. నీళ్ళు చాలాకాలంగా లోపలే ఉన్నాయని అర్థం.

గోటికి తగిలేంత రేకులు, ముక్కలు కనిపిస్తే తొక్కడం ఆపండి. అయస్కాంతం పెట్టి చూడండి, అంటుకుంటే గేరు పన్నో కొక్కెమో విరిగింది. కొత్త ఆయిల్ దాన్ని బాగు చేయదు. ఆ ముక్క మిగతా పళ్ళ మధ్యకి పోకముందే హబ్ విప్పించాలి.

25 మి.లీ. పోసిన హబ్‌లోంచి అంత రాలేదు. కారిపోయిందా?

పళ్ళకీ గోడలకీ అంటుకున్నది ఎప్పుడూ లోపలే ఉండిపోతుంది. కొంచెం తక్కువ రావడం మామూలే. పోసినదాంట్లో సగం కూడా రాకపోతే, హబ్ రెండు పక్కలా, పుల్లల మొదళ్ళలో మట్టి పట్టిన జిడ్డు కోసం వెతకండి.

బండి ఇంజనాయిల్ పోయొచ్చా? గేరాయిల్? కుట్టుమిషన్ నూనె?

ఆల్ఫైన్ 11కీ రోలోఫ్‌కీ వాటి ఆయిలే పోయండి. ఏడాదికి కొన్ని మిల్లీలీటర్ల దగ్గర పొదుపు చేసి హబ్‌ని పణంగా పెట్టడం మాకు నచ్చదు.

కారణాలు ఇవి. స్కూటర్ గేరాయిల్ బాగా చిక్కన. పైన చెప్పిన సన్నటి స్ప్రింగులు అంత చిక్కటి ఆయిల్‌లో కొక్కేన్ని సమయానికి లేపలేవు, గేరు ఆలస్యంగా పడుతుంది, జారుతుంది. కుట్టుమిషన్ నూనె మరీ పలచన, కొన్నాళ్ళకే సీళ్ళలోంచి జారిపోతుంది. కొబ్బరినూనె, వంటనూనె అసలు వద్దు. కొన్ని నెలల్లో గట్టిపడి బంకవుతాయి, ఆ బంకని కరిగించాలంటే హబ్ మొత్తం విప్పాలి. డబ్ల్యూడీ-40 ఆయిల్‌లా కనిపిస్తుంది గానీ అందులో ఎక్కువ భాగం ఆవిరైపోయే ద్రావకం. ఉన్న గ్రీజుని కడిగేసి అది వెళ్ళిపోతుంది.

కిరసనాయిలుతో కడగమని సలహా ఇచ్చేవాళ్ళు ప్రతి వీధిలోనూ ఉంటారు. ఫ్రీవీల్ కడిగే అలవాటు అది. హబ్ గేరులో బేరింగుల గ్రీజు కూడా దాంతో కొట్టుకుపోతుంది, అది తిరిగి పెట్టాలంటే విప్పక తప్పదు.

చలికాలానికి పలచటి ఆయిల్, ఎండాకాలానికి చిక్కటిది అవసరమా?

విశాఖలో అక్కర్లేదు. రోలోఫ్ ఆయిల్ మైనస్ 15 డిగ్రీల దాకా పనిచేసేలా చేసింది. లంబసింగి పొద్దుటి చలి కూడా దానికి లెక్కలోది కాదు.

ఎక్కువ పోస్తే మంచిదే కదా?

కాదు. హబ్‌లో ఆయిల్‌తో పాటు గాలికీ చోటుండాలి. మే నెల ఎండలో నిలిపిన సైకిల్ హబ్ చేయి పెట్టలేనంత కాలుతుంది. లోపలి గాలి వ్యాకోచించి, అదనంగా ఉన్న ఆయిల్‌ని సీళ్ళలోంచి నెట్టేస్తుంది. అది పుల్లల మీదుగా రిమ్ము దాకా, బ్రేకు దాకా పాకుతుంది.

హబ్ పక్కన ఆయిల్ చెమటలా పడుతోంది. భయపడాలా?

ఆయిల్ మార్చిన మొదటి వారం పదిరోజులు పలచటి తడి కనిపించడం మామూలే. గుడ్డతో తుడిచి, తేదీ రాసుకుని గమనించండి. నేలమీద చుక్కలు పడుతుంటే వరుసగా చూడాల్సినవి: స్క్రూ రింగు, పోసిన కొలత, సైకిల్‌ని పక్కకి పడేసి ఉంచారా అన్నది. మూడూ సరిగ్గా ఉండి కూడా కారుతుంటే అప్పుడు సీలు.

డిస్క్ బ్రేకు ఉంది. జాగ్రత్తలేమిటి?

పని మొదలెట్టే ముందే డిస్క్‌కి పాలిథిన్ కవరు తొడిగి రబ్బరుబ్యాండు వేయండి. ఒక్క చుక్క పడినా ప్యాడ్లు పీల్చుకుంటాయి, బ్రేకు కీచుమంటుంది, పట్టదు. డిస్క్‌ని ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో శుభ్రమైన గుడ్డ పెట్టి తుడవొచ్చు. ఆయిల్ పీల్చిన ప్యాడ్లని మాత్రం మార్చేయడమే. తొట్లకొండ దిగుడులో బ్రేకు మీద అనుమానం పెట్టుకుని దిగకూడదు.

ఆయిల్ మార్చాక గేర్లు జారుతున్నాయి. ఆయిల్ తప్పా?

చాలావరకు కేబుల్ తప్పు. పని చేసేటప్పుడు చక్రం ఊడదీసి పెట్టినా, కేబుల్ కదిలినా అమరిక తప్పుతుంది. షిమానోలో ఒక గేరు పెట్టి, హబ్ దగ్గర ఉన్న రెండు పసుపు గీతలు ఎదురెదురుగా వచ్చాయా అని చూడాలి. ఆల్ఫైన్ 11కి ఆ గేరు 6. ఎనిమిది గేర్లవాటికీ, నెక్సస్ 7కీ 4. గీతలు కలవకపోతే కేబుల్ చివర ఉండే బొటనవేలు స్క్రూని కొంచెం కొంచెంగా తిప్పి కలపండి. తర్వాత గేరుని ఒకటికి, అక్కడ్నించి చివరికి, మళ్ళీ ఆ గేరుకే తెచ్చి ఇంకోసారి చూడండి.

రోలోఫ్‌లో గేర్ల మెట్లు హబ్‌లోనే ఉంటాయి, కేబుల్ కాస్త వదులైనా గేరు జారదు. అది జారితే కారణం లోపలే వెతకాలి.

చక్రం తీసి ఉంటే ఇంకోటి చూడండి: షిమానో ఇరుసుకి రెండు పక్కలా ఉండే రెక్కల వాషర్లు. ఇరుసు తిరగకుండా ఆపేవి అవే. కుడిది ఎడమకి, ఎడమది కుడికి పెట్టేస్తే కేబుల్ ఎంత సరిచేసినా గీతలు నిలవవు. నట్లకి 15 మి.మీ. స్పానర్, బిగింపు 30 నుంచి 45 న్యూటన్ మీటర్లు.

నెక్సస్ 8ని ఆయిల్‌లో ముంచడం ఇంట్లో కుదురుతుందా?

కోను (బేరింగు బాల్స్‌ని నొక్కిపట్టే నట్టు) స్పానర్లు పట్టడం, బేరింగు బిగువు సరిచేయడం వచ్చినవాళ్ళకి కుదురుతుంది. చక్రం తీసి, పళ్ళచక్రం పట్టే రింగు ఊడదీసి, ఎడమ పక్క లాక్‌నట్టూ కోనూ విప్పితే లోపలి భాగం అంతా ఒకే ముద్దగా కుడి పక్కకి వస్తుంది. ప్రతి వాషర్‌నీ తీసిన వరుసలోనే గుడ్డమీద పేర్చి ఫోటో తీసుకోండి. బాల్స్ పంజరం ఏ మొహం లోపలికుందో అదీ ఫోటోలో పడాలి, తిరగేసి పెడితే చక్రం తిరగదు.

షిమానో దీనికి ప్రత్యేకంగా డబ్ల్యూబీ మెయింటెనెన్స్ ఆయిల్ ఇస్తుంది. ముద్ద ఎడమ చివరని కిందికి పెట్టి, పెద్ద రింగు గేరు మునిగేంత వరకు దించి 90 సెకన్లు ఉంచాలి. పైకి తీసి 60 సెకన్లు కారనివ్వాలి. అంతే. ఎక్కువసేపు నానబెడితే అదనపు ఆయిల్ తర్వాత రోలర్ బ్రేకు వైపు కారుతుంది. తిరిగి అమర్చే ముందు బాల్స్‌కీ కోన్లకీ హబ్ గ్రీజు కొత్తగా పెట్టండి. మిగిలిన ఆయిల్ పారబోయకండి, పలచటి గుడ్డలో వడకట్టి మూతపెడితే మళ్ళీ పనికొస్తుంది.

ఇంట్లో తాతగారి కాలం మూడు గేర్ల సైకిల్ ఉంది. దానికి?

హబ్ మీద ఏడబ్ల్యూ అని ఉంటే అది స్టర్మీ-ఆర్చర్ 1936లో మొదలుపెట్టిన మోడల్. పక్కనే చెక్కిన రెండంకెలు చాలా హబ్‌ల మీద తయారైన సంవత్సరాన్ని చెబుతాయి. 64 అంటే 1964. ఇలాంటివి బాగు చేసుకుంటే ఇంకో తరం తొక్కుతుంది, తుక్కుకి వేయకండి.

ఎన్నో ఏళ్ళు మూలనపడి ఉంటే మూత తెరిచి ఎస్ఏఈ 20 లేదా 30 (సీసా మీద ఉండే చిక్కదనం అంకె) ఆయిల్ ఒక టీ చెంచా, సుమారు 5 మి.లీ., పోసి ఒక రాత్రి వదిలేయండి. తెల్లారి గేర్లు మారుస్తూ తిప్పండి. తర్వాత నెలకి కొన్ని చుక్కలు. ఈ హబ్ కొంచెం కారుతూనే ఉంటుంది, పాతది బయటికి పోతూ కొత్తది లోపలికి వెళ్ళే పద్ధతి అది.

ఒక సంగతి తప్పక గుర్తుంచుకోండి. ఈ హబ్‌లో రెండో గేరుకీ మూడోదానికీ మధ్య ఏ గేరూ పట్టని ఖాళీ ఉంది. కేబుల్ వదులుగా ఉంటే తొక్కుతుండగా అందులో పడి పెడల్ ఖాళీగా తిరిగిపోతుంది. రెండో గేరులో పెట్టి, కుడి నట్టు పక్కన ఉన్న కంతలోంచి చూస్తే, గొలుసు మొదలైన కడ్డీ అంచు ఇరుసు కొసతో సమంగా ఉండాలి.

వాన నీళ్ళలో హబ్ మునిగింది. ఏం చేయాలి?

అల్పపీడనం పట్టినప్పుడు రైల్వే వంతెనల కింద నీళ్ళు హబ్ ఎత్తుకి వస్తాయి. ఎండలో తొక్కి వేడెక్కిన హబ్ ఆ నీళ్ళలోకి దిగగానే చల్లబడి నీటిని లోపలికి పీలుస్తుంది. ఇరుసు మునిగేంత నీళ్ళుంటే సైకిల్‌ని భుజాన వేసుకుని దాటండి. మునిగితే ఆ వారంలోనే ఆయిల్ తీసి చూడండి, తెల్లబారితే రెండుసార్లు కడగండి. గ్రీజు హబ్‌లు అయితే తీసి చూసే దారి లేదు, విప్పి ఆరబెట్టి ముంచాల్సిందే. వాయిదా వేస్తే నెలలోపే కోన్ల మీద గుంటలు పడతాయి.

కార్లు కడిగే పైపుతో హబ్ మీద నీళ్ళు కొట్టించడమూ మునగడం లాంటిదే. బీచ్ నుంచి వచ్చాక బక్కెట్టు మంచినీళ్ళూ గుడ్డా చాలు.

రైల్లో, విమానంలో తీసుకెళ్ళేటప్పుడు?

నిలబెట్టి పంపితే ఇబ్బంది లేదు. పెట్టెలో పడుకోబెట్టాల్సి వస్తే హబ్ చుట్టూ గుడ్డ చుట్టండి. విమానంలో పీడనం తగ్గి కొంత ఆయిల్ బయటికి రావచ్చు. దిగాక తుడిచి, బాగా తడిసి ఉంటేనే కొలత చూసుకోండి.

పాత ఆయిల్ ఎక్కడ పారేయాలి?

కాలవలో మాత్రం వద్దు. మన గెడ్డలన్నీ సముద్రంలోకే దిగుతాయి. వాడిన ఆయిల్‌ని మూత గట్టిగా ఉన్న సీసాలో పోసి, పైన ‘పాత ఆయిల్’ అని రాసి, పిల్లలకి అందకుండా పెట్టండి. నిండాక, పాత ఇంజనాయిల్ పీపాలో పోగుచేసి కొనేవాళ్ళకి అమ్మే బైకు మెకానిక్ దగ్గర అందులో పోసేయమని ఇవ్వండి. తడిసిన గుడ్డలు ఎండలో ఒకదానిమీదొకటి కుప్పగా పడేయకుండా, విడివిడిగా ఆరేసి కవర్లో కట్టి పొడి చెత్తలో వేయండి.